మతేరా రొట్టె మీద ముద్ర

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. సర్వీసు అనుభవాలు రాయాలని వారి ఉద్దేశం. నేను రాస్తున్నది పరదేశంలో చూసిన ఒక ఊరి గురించి, అక్కడ తిన్న తిండి గురించి. అయితే ఆ ఊరి చరిత్ర నా సర్వీసు తొలిరోజుల నాటి ఒక సంగతిని తవ్వి పైకి తీసింది గనుక వారి మాట కూడా కొంతవరకు చెల్లించినట్టే అనుకుంటాను.

మా అమ్మాయి, అల్లుడు ఇటలీ ఉత్తర భాగంలోని టూరిన్ నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2024 సెప్టెంబరులో నేను, మా ఆవిడ వారి దగ్గరకు వెళ్ళాం. నవంబరుకల్లా తిరిగి వచ్చి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చుకోవాలన్న షరతు మీదనే నేను విమానం ఎక్కాను. అది ఇప్పుడు ఎక్కడినుంచైనా ఇవ్వవచ్చునని అల్లుడు చెబుతూనే ఉన్నాడు. కానీ స్వయంగా వెళ్ళి సంతకం పెడితేగాని బతికి ఉన్నట్టు నాకే నమ్మకం కుదరదు. రోము, వెనిసు అందరూ చూసేవే. మా అల్లుడు మాత్రం, "మామయ్యగారూ, మీరు భూసేకరణలో పనిచేశారు కదా, మీరు చూడవలసిన ఊరు ఒకటుంది" అని మమ్మల్ని మతేరాకు తీసుకువెళ్ళాడు. ఇటలీ పటం బూటు ఆకారంలో ఉంటుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ బూటు మడమకూ మునివేళ్ళకూ మధ్య వంపులో బసిలికాతా అనే ప్రాంతం ఉంది. మతేరా అందులోది.

బారి అనే రేవు పట్టణం దాకా విమానంలో వెళ్ళి, అక్కడ చిన్న రైలు ఎక్కాం. పట్టాల మధ్య వెడల్పు 950 మిల్లీమీటర్లు. అంటే మన పాత మీటరు గేజి కంటే కూడా రెండంగుళాలు తక్కువ. ప్రభుత్వ రైల్వే వారి ప్రయాణికుల రైలు మేము వెళ్ళేనాటికి ఆ ఊరికి లేదు. దారి పొడుగునా సున్నపురాయి నేల, రాళ్ళు పేర్చి కట్టిన గట్లు, మధ్య మధ్య ఆలివ్ చెట్లు. మా బేతంచెర్ల వైపు వెళుతున్నట్టే ఉందని నేనంటే, "ఇంత దూరం వచ్చింది బేతంచెర్ల చూడటానికా?" అంది మా ఆవిడ.

రైలు దిగిన చోట చూస్తే మామూలు ఊరే. అపార్టుమెంట్లు, బ్యాంకు, మందుల షాపు. కొంత దూరం నడిచి విత్తోరియో వెనెతో అనే కూడలి దాటి, అక్కడున్న మూడు కమానుల కింద నిలబడి తొంగి చూశాం. కాళ్ళ కింద ఇంకొక ఊరు ఉంది. లోయ అంచున వరుస మీద వరుసగా ఇళ్ళు. కింది ఇంటి కప్పే పై ఇంటికి వీధి. ముందు గోడ, తలుపు మాత్రం కట్టుబడి, వెనక గదులన్నీ కొండలోకి తొలిచినవి. ఎదుటి గట్టు మీద 13వ శతాబ్దపు పెద్ద చర్చి, దాని వెనక గ్రావినా అనే వాగు కోసుకుపోయిన లోతైన లోయ. మన బెలుం గుహలు నీరు తొలిచినవి. వీటిని మనుషులు తొలిచి, తరతరాలుగా కాపురాలు చేశారు. ఈ గుహల వాడలను సస్సీ అంటారు. సస్సో అంటే రాయి, దానికి బహువచనం సస్సీ. వాడలు రెండు: ఒకటి కవెయోసో, రెండవది బరిసానో.

సస్సీలో ఇప్పుడు గుహలనే హోటళ్ళుగా మార్చారు. ఒక రాత్రి అద్దె ఎంతో విన్నాక నేను కరువుభత్యం బకాయిలు లెక్కపెట్టుకుని వద్దన్నాను. పైన కొత్త ఊరిలో సెర్రా వెనెర్దీ అనే పేటలో ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకరు తన ఇంట్లో రెండు గదులు అద్దెకిస్తారని తెలిసి అక్కడ దిగాం. ఆ నిర్ణయం ఎంత మంచిదైందో భోజనం వేళకు తెలిసింది.

మా ఆవిడ శాకాహారి. టూరిన్‌లో మూడు వారాలు అన్నం, పప్పు వండుకుని గడిపింది. ఇక్కడ ఏం తినాలా అని సంచిలో అటుకులు, పచ్చడి సీసా పెట్టుకు వచ్చింది. పెద్దావిడ ముందుగా తెచ్చిపెట్టింది పప్పు! ఫావా అనే పెద్ద చిక్కుడు గింజలను ఎండబెట్టి, పొట్టు తీసి, మెత్తగా ఉడికించి ఎనిపి, పక్కన చికోరీ అనే చేదాకు ఉడకబెట్టి, పైన పచ్చి ఆలివ్ నూనె పోసి ఇచ్చారు. పోపు లేదన్నమాటే గాని అది మన పప్పాకు కూరకు దూరపు చుట్టమే. తరువాత వేయించిన ఎండు మిరపకాయలు వచ్చాయి. మా ఆవిడ చల్ల మిరపకాయలనుకుని ఒకటి కొరికి ఆశ్చర్యపోయింది. కారం లేదు, తియ్యగా, అప్పడంలా కరకరలాడుతోంది. ఇదే ప్రాంతంలోని సెనీసే అనే ఊళ్ళో పండే మిరప ఇది. దారానికి గుచ్చి దండలు కట్టి ఇళ్ళ ముందు ఎండలో వేలాడదీస్తారు. నూనెలో కొన్ని క్షణాలు మాత్రం ఉంచి తీయాలి, ఒక్క క్షణం ఎక్కువైనా చేదెక్కుతుంది. ఆ ఊరి పేరు మీద 1996లో యూరోపియన్ యూనియన్ నుంచి గుర్తింపు కూడా తెచ్చుకున్నారు, మన దగ్గర బందరు లడ్డుకు తెచ్చుకున్నట్టు.

మిరప ఇటలీదీ కాదు, మనదీ కాదు. 1492లో కొలంబస్ అమెరికా చేరిన తరువాతనే అది సముద్రం దాటింది. దక్షిణ ఇటలీని అప్పట్లో స్పెయిన్ ఏలుతుండేది గనుక వారి ద్వారా ఇక్కడికి, పోర్చుగీసు వారి ద్వారా గోవా మీదుగా మనకు వచ్చింది. అంతకు ముందు మన కారం మిరియాల కారమే. వాళ్ళు తీపి రకాన్ని పెంచుకున్నారు, మనం కారపు రకాన్ని పట్టుకున్నాం. అల్లుడు ఈ మాటలన్నీ పెద్దావిడకు ఇటాలియనులో చెబితే, ఆమె మా ఆవిడ పచ్చడి సీసా తెప్పించుకుని రుచి చూసి, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకొంచెం వేయమన్నారు.

ఇక ఆ ఊరి చరిత్ర. మనిషి రాతి పనిముట్లు వాడిన కాలం నుంచీ ఆ లోయ గుహల్లో నివాసం ఉన్న గుర్తులు దొరికాయి. మధ్యయుగంలో సన్యాసులు కొండలోనే చర్చిలు తొలిచి గోడల మీద బొమ్మలు వేశారు. 1663 నుంచి 1806 దాకా ఈ ఊరు బసిలికాతాకు రాజధాని. రెవెన్యూ శాఖలో పనిచేసిన వాణ్ణి గనుక ఒక కథ నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. త్రమొంతానో అనే ప్రభువు 1501లో కొండ మీద కోట కట్టడం మొదలుపెట్టి, దాని కోసమూ, తన అప్పుల కోసమూ పన్నుల మీద పన్నులు వేశాడు. 1514 డిసెంబరు 29న చర్చి నుంచి బయటకు వస్తుంటే జనం అతణ్ణి చంపేశారు. మూడు బురుజుల అసంపూర్తి కోట ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. వసూళ్ళ విభాగంలో చేసిన మిత్రులు గమనించగలరు.

ఇరిగేషన్ మిత్రుల కోసం ఇంకొక సంగతి. ఆ ఊరి అసలు గొప్పతనం నీటిలో ఉంది. వాన తక్కువ, వాగేమో పాతాళంలో. అందుకని ప్రతి ఇంటి కప్పు మీద పడిన నీటినీ కాలువ కట్టి కొండలోపలి తొట్లకు మళ్ళించారు. నేను చెప్పిన కూడలి కిందనే పలొంబారో లుంగో అనే నీటితొట్టి ఉంది. 1991లో మళ్ళీ బయటపడింది. లోతు 15 మీటర్ల పైన, పట్టే నీరు దాదాపు 50 లక్షల లీటర్లు. గోడలకు సున్నంలో కుండపెంకుల పొడి కలిపి గచ్చు చేశారు. మన పాత కట్టడాల్లో వాడిన సున్నం–సుర్కీ వంటిదే. ఇనుప మెట్ల మీద లోపలికి దిగి ఆ గచ్చును చేత్తో తడిమి చూశాను. ఒక్క పగులు కనబడలేదు.

1806లో రాజధాని పొతెంజాకు తరలిపోయాక ఊరికి చెడ్డరోజులు వచ్చాయి. జనం పెరిగారు, భూమి పెరగలేదు. తొట్లు, కొట్లు, పశువుల శాలలు అన్నీ నివాసాలైపోయాయి. ఒకే గుహలో ఎత్తైన మంచం, మంచం కింద కోళ్ళు, వెనక మూలన కంచరగాడిద, దాని పేడ, మధ్యలో అరడజను పిల్లలు. 1935లో కార్లో లెవీ అనే చిత్రకారుణ్ణి ముసోలినీ ప్రభుత్వం ఈ ప్రాంతానికి ప్రవాసం పంపింది. ఆయన 1945లో ప్రచురించిన పుస్తకంలో, వైద్యురాలైన తన సోదరి మతేరాలో చూసినది రాశాడు. మలేరియాతో, కళ్ళ జబ్బులతో ఉన్న పిల్లలు ఆమె వెంటబడి డబ్బులు కాదు, క్వినైను అడిగారట. ఆ పుస్తకంతో దేశమంతా తల దించుకుంది. 1950లో ప్రధానమంత్రి దె గాస్పెరి స్వయంగా వచ్చి చూశారు. 1952లో చట్టం చేశారు. సస్సీలో అప్పుడు సుమారు 15,000 మంది, అంటే ఊళ్ళో దాదాపు సగం జనాభా. వారిలో అత్యధికులను గుహలు ఖాళీ చేయించి కొత్త పేటలకు మార్చాలని నిర్ణయం. గుహలు ప్రభుత్వ పరమయ్యాయి. జనం తిరిగి రాకుండా చాలా వాటికి గోడలు కట్టి మూసేశారు.

మా పెద్దావిడ ఆ 15,000 మందిలో ఒకరు. గుహలో పుట్టి, పదకొండేళ్ళ వయసులో ఇప్పుడు మేము దిగిన ఈ పేటకే వచ్చారు. గుహలో ఉండగా ఆమె తమ్ముడొకడు రెండేళ్ళు నిండకుండా పోయాడట. అందుచేత ఆమె పాత రోజుల గురించి మురిపెంగా మాట్లాడలేదు. "మా అమ్మ కొత్త ఇంట్లో కుళాయి తిప్పి, నీళ్ళు పడుతుంటే చూస్తూ కూర్చునేది" అన్నారు. అంతలోనే, "కానీ రొట్టె పోయింది" అన్నారు.

రొట్టె పోవడమేమిటి, బల్ల మీద ఉందిగా అని నేను అయోమయంగా చూశాను. మతేరా రొట్టె పెద్దది, కిలోదీ రెండు కిలోలదీ ఉంటుంది. కొండలాగా మెలితిరిగి, పైన ముదురు గోధుమ రంగు పెంకు, లోపల పసుపు పచ్చగా ఉంటుంది. గట్టి గోధుమ రవ్వను మళ్ళీ మెత్తగా విసిరిన పిండితో, పులియబెట్టిన పాత పిండి ముద్దను తోడు వేసి చేస్తారు. పైన కత్తితో మూడు గాట్లు పెడతారు. వారం దాటినా పాడవదు. 2008లో దీనికీ యూరోపియన్ గుర్తింపు వచ్చింది. హోరేస్ అనే రోమన్ కవి ఇదే బసిలికాతాలోని వెనోసాలో పుట్టినవాడు. క్రీస్తుకు పూర్వమే ఈ పక్క దారిన ప్రయాణం చేస్తూ ఒక చిన్న ఊరి రొట్టె గురించి, తెలివిగల బాటసారి దానిని ముందు మజిలీకి కూడా మోసుకుపోతాడని రాశాడు. మరి పోయిందేమిటి?

ఆమె లేచి సొరుగులోంచి గుప్పెడంత చెక్క తెచ్చి చూపించారు. పైన కోడిపుంజు బొమ్మ, అడుగున రెండక్షరాలు తిరగేసి చెక్కి ఉన్నాయి. అది వారింటి రొట్టె ముద్ర. గుహల్లో ఎవరింట్లోనూ రొట్టె కాల్చుకునే వీలు లేదు. వాడకొక బట్టీ. ఆడవాళ్ళు రాత్రి పిండి పిసికి ఉంచితే తెల్లవారుజామున బట్టీ మనిషి కేకేసుకుంటూ వచ్చి, పలక మీద పేర్చుకుని తీసుకుపోయేవాడు. అన్ని ఇళ్ళ రొట్టెలూ ఒకే బట్టీలో కాలుతాయి గనుక ఎవరివి వారికి తెలియాలంటే పచ్చిపిండి మీద ముద్ర వేయాలి. అక్షరాలు రానివారికి బొమ్మే గుర్తు. గొర్రెల కాపరులు ఖాళీ వేళల్లో ఈ ముద్రలు చెక్కేవారు. పెళ్ళి చేసుకోదలచిన పిల్లకు కానుకగా ఇచ్చేవారని కూడా చెబుతారు. నాలుగైదు గుహలకు కలిపి ఒక చిన్న వాకిలి, అందులో ఒక బావి. దీన్ని విచినాతో అంటారు, ఇరుగుపొరుగు అని అర్థం. ఎవరికి జబ్బు చేసినా, కాన్పు వచ్చినా ఆ వాకిలే దిక్కు. ఆగస్టు 1న, కోతలు అయ్యాక, ఆ ఇళ్ళవారందరూ తలా గుప్పెడు శనగలు, చిక్కుళ్ళు, మసూరు, బఠాణీ, గోధుమలు తెచ్చి ఒకే కుండలో ఉడికించి పంచుకునేవారు. దాని పేరు క్రపియాతా. మాకోసం ఆమె మరునాడు చేసి పెట్టారు. అందులో ఉత్తరాది వాళ్ళ కేసరి పప్పు కూడా పడుతుంది. అదే పనిగా తింటే కాళ్ళు పడిపోతాయని మన ప్రభుత్వం 1961లో అమ్మకం నిషేధించిన పప్పు ఇదేనని నేను చెబితే, "సంవత్సరానికి ఒక రోజుకు ఏమీ కాదు" అని ఇంకో గరిటె వేశారు.

కొత్త పేటలో ఒక్కొక్కరికి ఒక్కొక్క అంతస్తు ఇచ్చారు. పాత వాకిలి వాళ్ళు నలుగురూ నాలుగు పేటల్లో పడ్డారు. ఆమె తల్లి కొన్నాళ్ళు పిండి పలక నెత్తిన పెట్టుకుని పాత బట్టీకే నడిచి వెళ్ళేదట. తరువాత అదీ మూతపడింది. దుకాణంలో రొట్టె కొనడం మొదలైంది. కొన్న రొట్టెకు ముద్ర ఎందుకు?

నిజానికి ఇటలీ వారు మనలా కళ్ళు మూసుకుని చేయలేదు. 1951లో ఒక అధ్యయన సంఘాన్ని వేసి, ఆ జనం ఎలా బతుకుతున్నారో పరిశీలించారు. పొలాల మధ్య లా మర్తెల్లా అనే కొత్త గ్రామం కట్టినప్పుడు వాస్తుశిల్పి క్వరోనీ బృందం, ఇంటికి ఆనుకుని పశువుల శాల, వీధికి కొన్ని ఇళ్ళు చొప్పున ఆ ఇరుగుపొరుగునే మళ్ళీ కట్టాలని ప్రయత్నించింది. 1953లో అక్కడ మొదటి కుటుంబాలు దిగాయి. అంతా అనుకున్నట్టు జరగలేదు గాని ఆలోచన అయితే చేశారు.

నేను 1978లో ఒక ప్రాజెక్టు భూసేకరణ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ముంపు గ్రామాలకు సర్వే బృందంతో వెళ్ళి రిజిస్టరు రాయడం నా పని. ఇల్లు, పాక, బావి, చెట్టు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కాలమ్. వేపచెట్టుకు కలప రేటు, చింతచెట్టుకు కాపు రేటు. ఒక ఊళ్ళో, నాలుగిళ్ళ మధ్య సందులో, నేలలో పాతిన పెద్ద రోలు ఉంది. నేను టేపు చుట్టుకుని వెళ్ళిపోతుంటే ఒక ముసలమ్మ ఆపి, "ఈ రోలు ఎవరి పేరు మీద రాసినావు నాయనా?" అని అడిగింది.

"అది ఎవరి ఇంట్లోదీ కాదు కదా అవ్వా."

"నాలుగిండ్లది నాయనా. నా పెండ్లికి ముందు నుంచీ ఉంది."

నాలుగిళ్ళకు కలిపి రాసే కాలమ్ లేదని చెప్పాను. వెనకున్న వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాననే గుర్తు. రోలు రాయలేదు. రాసినా ఏ పది రూపాయలో వచ్చేది, అది వేరే సంగతి. మూడేళ్ళ తరువాత పట్టాలు పంచడానికి వెళ్ళినప్పుడు చూస్తే ఆ నాలుగిళ్ళలో రెండు ఒక కాలనీకి, ఒకటి ఇరవై మైళ్ళ అవతల ఇంకో కాలనీకి పోయాయి. ముసలమ్మ ఇల్లు ఏ జాబితాలో ఉందో నాకు దొరకలేదు. వెతకడానికి ఆ రోజు నాకు తీరికా లేదు.

ఇదంతా అల్లుడి చేత పెద్దావిడకు చెప్పించాను. ఆమె ఆ రోలు ఎంత ఉంటుందని అడిగారు. చేతులతో చూపించాను. నలుగురూ ఒకేసారి నూరుకునేవారా, వంతులా అని అడిగారు. ఆ మాట నేను ఆ ముసలమ్మను అడగలేదు. వంతులే అయివుంటాయని మా ఆవిడ చెప్పింది.

మూడవ రోజు వీకో సొలితారియో అనే సందులో, పాత సామానుతో ఉన్నదున్నట్టు పెట్టిన గుహ ఇల్లు చూడటానికి వెళ్ళాం. పెద్దావిడను రమ్మంటే, "అలాంటి ఇంట్లో పదకొండేళ్ళు ఊరికే ఉన్నాను, ఇప్పుడు టికెట్టు కొననా?" అని రాలేదు. లోపల అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. ఇంటిల్లిపాదీ కలిసి తినే ఒకే పెద్ద పళ్ళెం కూడా ఉంది. 1986లో మరొక చట్టం చేసి గుహలను బాగుచేయించడం మొదలుపెట్టారు. 1993లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. 2019లో ఇది యూరోపు సాంస్కృతిక రాజధానిగా ఉంది. ఏసుక్రీస్తు సినిమాలు కొన్ని ఇక్కడే తీశారు. జేమ్స్‌బాండ్ కూడా ఇక్కడి సందుల్లో కారు నడిపాడు. దేశానికి సిగ్గుచేటని మూయించిన గుహలే ఇప్పుడు ఊరికి కూడు పెడుతున్నాయి. మంచిదే. కానీ వాటిలో రాత్రి గడిపేది పుట్టినవారు కాదు.

బయలుదేరే ముందు హోరేస్ మాట ప్రకారం రెండు కిలోల రొట్టె కొన్నాం. విమానాశ్రయంలో యంత్రం దగ్గర అమ్మాయి సంచిలో ఏముందో చూసి నవ్వి వదిలేసింది. టూరిన్‌లో ఆరవ రోజుకు అది రాయిలా గట్టిపడింది. అక్కడివారు అలాంటి రొట్టెను నీళ్ళలో తడిపి, ఉల్లిపాయ, టమోటా, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి తింటారు. కోతలకు పోయేవాళ్ళ తిండి అది, చల్లెద్దా అంటారు. మా ఆవిడ అలాగే చేసి, పచ్చిమిరపకాయ తరిగి వేసి, తాలింపు పెట్టింది. "ఏమండీ, ఇది చద్దన్నమే కదా" అంది. ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం. అమ్మాయి మాత్రం తాలింపు లేకుండా తింది.

ముద్ర కూడా ఒకటి తెచ్చాను. సస్సీలో ఒక కొయ్య పనివాడు అడిగిన బొమ్మ చెక్కి ఇస్తాడు. ఇంటి పేరు అక్షరాలు చెక్కించమంది మా ఆవిడ. నేను కాగితం మీద రోలు గీసి చూపించాను. ఇదేమిటి, పూలకుండీనా అని అడిగాడు. అల్లుడు ఏదో సర్దిచెప్పాడు. అడుగున నాలుగు చుక్కలు పెట్టించాను. ఇప్పుడది మా వంటింటి అలమారలో ఉంది. మనవడు సెలవులకు వచ్చినప్పుడు చపాతీ పిండి మీద ముద్రలు వేసి, పెనం మీద కాలాక ఏ చపాతీ ఎవరిదో చెప్పమంటాడు. కాలిన తరువాత ఆ చుక్కలు కనబడవు.